విశాఖతీరమున నొక కార్తిక ప్రభాతము

కార్తిక పూర్ణిమనాడు సముద్రస్నానము చేయవలెనని మా యత్తగారికి చిరకాలముగా కోరిక. గడచిన కార్తికమున మా వారి పాఠశాలకు సెలవులు కలిసివచ్చుటచే ఆమె కోరిక తీర్చుటకు వీలు కలిగినది. మా యత్తగారు, మా వారు, నేను, పండ్రెండేండ్ల మా అమ్మాయి నలుగురమును ముందునాటి రాత్రికి విశాఖపట్టణము చేరి, మా పినతల్లిగారి యింట విశ్రమించి, తెల్లవారుజామున లేచి తీరమునకు నడచితిమి.

సోదరీమణులారా! సముద్రమును నేను చిన్ననాటినుండియు నెఱుగుదును. కాని పుస్తకములలో మాత్రమే. మా తండ్రిగారు చెంత కూర్చుండబెట్టుకొని చదివించిన గ్రంథములలో దేవదానవులు మథించిన సముద్రము, అగస్త్యుడు పుడిసిట బట్టిన సముద్రము, హనుమంతుడు లంఘించిన సముద్రము నాకు పరిచితములు. ఎంత పొంగినను చెలియలికట్ట దాటనిది గనుక గంభీరులైనవారికి దానిని పోలిక చెప్పుదురనియు నెఱుగుదును. ఇంత యెఱిగియు, ఆ నీటిలో ఎక్కడ అడుగు పెట్టవచ్చునో, ఎక్కడ పెట్టరాదో నేనెఱుగను. ఆ సంగతి ఆనాటి యుదయమున ఒక జాలరి యవ్వ నాకు నేర్పినది. అది మీకును తెలియవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

విశాఖతీరము చూడముచ్చటైనది. దక్షిణమున డాల్ఫిన్ నోస్ అను కొండ సముద్రములోనికి ముక్కు చాచినట్లుండును. ఉత్తరమున కైలాసగిరి. ఈ రెండింటి నడుమ రామకృష్ణా బీచి యని యందఱును పిలుచు ఇసుకతీరము కలదు. 1969 మొదలు 2001 వఱకు మన నౌకాదళమున కొలువుచేసిన కురుసురా యను జలాంతర్గామిని ఇచ్చటనే ఒడ్డునకు చేర్చి, 2002లో ప్రదర్శనశాలగా నొనర్చిరి. మేము పోవునప్పటికి అది చీకటిలో ఒడ్డునబడిన తిమింగిలమువలె కనబడుచుండెను. ఇసుకమీద అప్పటికే స్త్రీలు గుంపులు గుంపులుగా చేరియుండిరి. కొందఱు సంకల్పము చెప్పుకొనుచుండిరి. కొందఱు అరటిదొప్పలలో దీపములు వెలిగించి నీట విడుచుచుండిరి.

అలలు ఒకదాని వెనుక నొకటిగా లేచి, తెల్లని నురుగై విఱుగుచుండెను. ఆ హోరునకు మా యత్తగారు జంకి, “అమ్మాయీ, అంతటి యలలలో నేను నిలువలేను. అదిగో, ఆ ప్రక్కను నీరు నెమ్మదిగా నున్నది. అక్కడ దిగుదము” అనిరి. చూడగా నిజమే. ముప్పది అడుగుల వెడల్పున ఒక దారివలె, అలలు విఱుగని నీరు కనబడెను. ఇరుప్రక్కలను నురుగు; నడుమ చెఱువుగట్టున మెట్లరేవువలె ప్రశాంతముగా నున్నది. నీటి రంగు మాత్రము కొంచెము మట్టిగా నున్నది. నాకును అదియే మంచి చోటని తోచినది.

మా అమ్మాయి ముందుగా పరుగెత్తి తన దొప్పను ఆ నీట విడిచెను. దీపము వెంటనే యారిపోయెను గాని దొప్ప తేలుచునే యుండెను. అది ఒడ్డునకు రాలేదు. ఎవరో దారము కట్టి లాగుచున్నట్లు తిన్నగా సముద్రములోనికి పోవుచుండెను. “అమ్మా, నా దొప్ప!” యని పిల్ల దాని వెంట మోకాలిలోతునకు దిగినది. అంతలో వెనుకనుండి, “ఓలమ్మో! అల ఇరగని కాడ దిగొద్దు! అక్కడ నీరు లోపలికి లాగేత్తాది!” అని కేక వినబడెను. చేపలబుట్ట ఇసుకమీద పడవైచి ఒక వృద్ధురాలు వచ్చి, పిల్ల ఱెక్క పట్టుకొని యొడ్డునకు లాగివైచినది.

నా గుండె కొంతసేపటికి గాని కుదుటబడలేదు. “అవ్వా, పెద్ద యలలున్న చోట గదా భయము? ఇక్కడ అలలే లేవే!” యని యడిగితిని. “పెద్దల నిన్ను ఒడ్డుకే తోత్తాదమ్మా. ఒచ్చిన నీరు మళ్లీ ఎల్లాలి గదా? ఆ ఎల్లే దారి ఇదే. ఏటేటా ఈ ఇసకలో తల్లులు ఏడుత్తుంటే సూడనేకపోతన్నాను” అని యామె చెప్పినది.

మేమందఱమును ఒడ్డున నిలిచి ఆ దొప్పనే చూచుచుంటిమి. అది అలలు విఱుగు వరుసను దాటినంతనే ఆగెను. మునుగలేదు. అక్కడ లేచుచు పడుచు, ఉన్నచోటనే చాలసేపు ఉయ్యాలలూగెను. పిమ్మట మెల్లగా దక్షిణపు ప్రక్కకు జరిగి, నురుగులో చిక్కి, మాకు ఏబది బారల దూరమున ఒడ్డెక్కినది. ఆనాడు ఆ యరటిదొప్ప నాకు మూడు పాఠములు చెప్పినది. ఇంటికి వచ్చిన పిమ్మట మా వారును నేనును గ్రంథములు తిరుగవేసి, ఆ మూడింటికిని కారణములు గ్రహించితిమి.

మొదటి పాఠము అలను గూర్చినది. దొప్ప లోతునీటిలో లేచుచు పడుచు నున్నచోటనే యుండెనని చెప్పితిని గదా. అలలు దాని క్రిందుగా ఒడ్డునకు పరుగెత్తుచుండగా అదియేల వాటితో రాలేదు? నూతిచేదకు కట్టు తాడు నొక కొసను కిటికీ ఊచకు కట్టి, రెండవ కొసను చేతబట్టి యొకసారి విదిలించి చూడుడు. ఒక వంపు తాడు వెంట పరుగెత్తి కిటికీని చేరును. తాడు మాత్రము మీ చేతిలోనే యుండును. పోయినది కదలికయే గాని తాడు కాదు. గాలికి వరిచేను అలలు దేఱుచున్నట్లు కనబడినను ఏ వెన్నును తన దుబ్బు విడిచి పోదు. సముద్రపుటలయు నట్టిదే. లోతునీటిలో అల మోసికొనిపోవునది గాలి యిచ్చిన బలమును, నీటిని కాదు. అల పోవునప్పుడు నీటికణము రాట్నపు చక్రమువలె నిలువుగా నొక చుట్టు తిరిగి, ఇంచుమించు బయలుదేఱిన చోటికే వచ్చును. ఇట్టి చక్రగతిని 1802లో ప్రేగ్ నగరమున గెర్‌స్ట్‌నర్ అను గణితజ్ఞుడు లెక్కగట్టి చూపెను. ఈ చక్రములు పైన పెద్దవి. క్రిందికి పోయినకొలది చిన్నవి. ఒక యలశిఖరమునుండి వెనుకటి యలశిఖరమునకు దూరము 100 మీటర్లైనచో, 50 మీటర్ల లోతున కదలిక దాదాపు లేనట్లే. కురుసురావంటి జలాంతర్గాములు లోతునకు దిగినయెడల పైనున్న పెనుతరంగముల బాధ లేకుండుటకు కారణమిదియే.

ఆ యుదయమున గాలి లేదు. చెట్టాకు కదలుట లేదు. అయినను అలలు వచ్చుచునే యుండెను. ఎక్కడివి? అలను పుట్టించునది గాలియే గాని, అది మన యూరి గాలియే కానక్కఱలేదు. గాలి యెంత బలముగా వీచెను, ఎంతసేపు వీచెను, ఎంత దూరము నీటిపై వీచెను అను మూడింటిని బట్టి అల పరిమాణ మేర్పడును. భూగోళపు దక్షిణభాగమున, అంటార్కిటికాకు చుట్టునున్న సముద్రమున ఏడాది పొడుగునను పెనుగాలులు వీచుచుండును. అచ్చట పుట్టిన పొడవైన యలలు పుట్టినచోటి గాలిని విడిచి, గంటకు సుమారు 40 కిలోమీటర్ల చొప్పున గుంపులుగా ఉత్తరమునకు సాగి, హిందూమహాసముద్రమంతయు దాటి, ఇంచుమించు ఒక వారమునకు బంగాళాఖాతము చేరుచుండును. మన కాలికడ విఱిగిన నురుగు ఏడెనిమిది రోజుల క్రిందట వేల మైళ్ల దూరమున వీచిన గాలి ఫలము కావచ్చును. గాలి లేని నాడును సముద్రమును నమ్మరాదనుటకు ఇది యొక కారణము.

రెండవ పాఠము ముఖ్యమైనది. దొప్ప లోపలికి పోవుటకు కారణమేమి? అల తీరమును సమీపించినకొలది దాని యడుగు నేలను తాకును. అడుగుభాగము వెనుకబడును, శిఖరము ముందునకు తూలును. ఒక మీటరు ఎత్తుగల యల రమారమి 1.3 మీటర్ల లోతునకు వచ్చునప్పటికి నిలువలేక విఱిగిపోవును. అల విఱిగిన పిదప చక్రగతి చెడి, నీరే నిజముగా ఒడ్డునకు దూకును. ఇట్లు అల వెనుక అలగా వచ్చిన నీరు ఒడ్డున పేరుకొనును. దానికి తిరిగిపోవుటకు దారి కావలెను గదా! సముద్రపు టడుగున ఇసుక అంతటను సమముగా నుండదు. గట్లు గట్లుగా నుండి, నడుమ గండ్లుండును. పేరుకొన్న నీరంతయు ఒడ్డు వెంట ప్రక్కలకు ప్రాకి, గండి దొరికిన చోట నొక్కుమ్మడిగా లోనికి పాఱును. గండిలో లోతెక్కువ గనుక అక్కడ అలలు విఱుగవు. అందుచేతనే అది ప్రశాంతముగా కనబడును; ఇసుకను మోసికొనిపోవుటచే నీరు మట్టిరంగుగా నుండును. మా యత్తగారు కోరుకొన్న రేవు అదియే! దీనిని శాస్త్రజ్ఞులు రిప్ కరెంటు అందురు. దీని వడి ఒక్కొక్కప్పుడు సెకండునకు 2 మీటర్ల దాకా నుండును. పేరుపొందిన యీతగాడును అంతటి వడికి ఎదురీదలేడు. సముద్రము ఆటుమీద నున్నప్పుడు గట్లపై నీరు తగ్గి, గండ్లలో ఈ లాగుడు మఱింత బలపడుట కలదు.

ప్రతి సంవత్సరమును ఈ తీరమున స్నానమునకు దిగి ప్రాణములు గోలుపోయినవారి వార్తలు మనము వినుచునే యున్నాము. వారిలో అనేకులు పడుచువారు, ఈత నేర్చినవారు. ప్రవాహము వారిని క్రిందికి లాగి ముంచినదని లోకులందురు. అది నిజము కాదు. దొప్ప మునుగలేదు, అలలు విఱుగు వరుసను దాటగానే ప్రవాహపు బలము తీఱి ఆగిపోయెను. మనుష్యులను ముంచునది భయమును, ఎదురీతచే కలుగు అలసటయును. కావున ఎవరైనను అందులో చిక్కినయెడల ఒడ్డువైపునకు ఎదురీదరాదు. వెల్లకిల పడి తేలుచు, చేయి యెత్తి పిలువవలెను. ఈత వచ్చినవారు ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, నురుగు కనబడు చోటికి చేరి, అలల తోపుతో ఒడ్డునకు రావలెను. ఒడ్డుననున్నవారు తాము దూకరాదు. ఒకని కొఱకు మఱియొకడు దూకి ఇరువురును పోయిన సంసారములు కలవు. తాడుగాని, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాగాని విసరి, తీరరక్షకులను కేక వేయవలెను. మనము కట్టుకొన్న చీర తడిసినచో కాళ్లకు చుట్టుకొని అడుగు వేయనీయదు. అందుచే స్త్రీలు మోకాలిలోతు దాటకుండుటయు, పిల్లల చేయి విడువకుండుటయు మంచిది.

మూడవ పాఠము దొప్ప ప్రక్కకు జరిగినప్పటిది. అలలు తిన్నగా గాక ఏటవాలుగా వచ్చి తీరమును తాకినప్పుడు, ఒడ్డు వెంబడి ఒక ప్రవాహము బయలుదేఱును. అది ఇసుకను మోసికొని నడచును. నైరృతి ఋతుపవనపు దినములలో విశాఖతీరపు టిసుక ఉత్తరమునకు నడచును. ఈశాన్యపు గాలుల నెలలలో దక్షిణమునకు నడచును. రెండింటిలో ఉత్తరపు నడకయే హెచ్చు. ఈ బాటకు అడ్డముగా విశాఖ ఓడరేవు వెలసినది. 1933లో రేవు తెఱచునప్పటికే ఈ యిసుక సంగతి యింజనీర్లకు తెలియును. ఇసుక ముఖద్వారమును పూడ్చకుండుటకై రెండు పాత ఓడలను ఱాళ్లతో నింపి ముంచి, అడ్డుకట్టగా నిలిపిరి. అక్కడ ఆగిన యిసుకను త్రవ్వి, ఉత్తరపు తీరమునకు చేర్చుచుండవలెను. అది తగినంత జరుగనిచో ఉత్తరపు తీరము దినదినమును క్షీణించును. ఒకరి కంచములోని కూడు మఱియొకరు ఆపినట్లే యగును. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖవద్దనే తీరము దాటినప్పుడు, అలలు ఒడ్డును ఎంతగా కోసివైచినవో ఆ యూరివారు ఇప్పటికిని చెప్పుకొందురు. చెలియలికట్ట దాటదని కవులు చెప్పిన సముద్రము, కట్టయే కరగిపోయినప్పుడు దాటక యేమిచేయును?

ఆ జాలరి యవ్వ మా ప్రక్కను కూర్చుండి తన భాషలో మఱియొక సంగతి చెప్పినది. దూరపు నీటిలో వల వేసినచో, కార్తికమున వల దక్షిణమునకు కొట్టుకొనిపోవుననియు, వేసవిలో ఉత్తరమునకు పోవుననియు తన పెనిమిటి యనుచుండెడివాడట. పుస్తకములు చూడగా ఆ మాట యక్షరాల సత్యమని తేలినది. మన తూర్పుతీరము వెంట ఒక మహాప్రవాహము కలదు. అది మాఘము మొదలు వైశాఖము వఱకు ఉత్తరమునకును, ఆశ్వయుజము మొదలు మార్గశిరము వఱకు దక్షిణమునకును పాఱును. ఏటికి రెండు మారులు గాలులు దిక్కు మార్చుకొను మన దేశమునకు తగిన ప్రవాహమే యిది. శరత్కాలమున గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి సముద్రమున పోసిన మంచినీరు ఉప్పునీటికంటె తేలికైనదగుటచే పైననే పఱచుకొని, ఆ ప్రవాహముతో మన తీరము వెంట దిగివచ్చును. మేము పుక్కిలించిన నీటిలో ఏ నది నీరెంత కలదో ఎవరెఱుగుదురు? కార్తికమున సముద్రస్నానము చేసినచో సకల నదులలోను మునిగినట్లని మా యత్తగారనిన మాట నాకు వట్టి విశ్వాసమని తోచలేదు.

వేసవిలో మఱియొక వింత. అప్పుడు గాలి తీరము వెంబడి నైరృతినుండి వీచును. భూభ్రమణముచే పైనీరు గాలికి కుడివైపునకు, అనగా సముద్రములోనికి తొలగును. తొలగిన చోటికి క్రిందినుండి చల్లని నీరు పైకి వచ్చును. ఆ నీటిలో చేపల కాహారమైన సూక్ష్మజీవులను పెంచు సారము కలదు. 1952లో అమెరికానుండి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన లాఫాండ్ అను సముద్రశాస్త్రజ్ఞుడును, ఇచ్చటి యధ్యాపకులును విద్యార్థులును కలిసి, ఈ తీరపు ప్రవాహములను, ఇసుక రాకపోకలను పరిశోధించిరి. జాలరులు తరతరములుగా నెఱిగినదానికి వారు కొలతలు సంపాదించిరి.

అలలన్నియు గాలివే యని మాత్రము తలపరాదు. 2004 డిసెంబరు 26వ తేదీన సుమత్రావద్ద సముద్రపు టడుగు కంపించి పుట్టిన సునామి వేఱు జాతికి చెందినది. గాలి యల పైనీటినే కదలించును. సునామి అడుగువఱకు గల నీటినంతటిని కదలించును. 4000 మీటర్ల లోతుగల సముద్రమున దాని వేగము గంటకు 700 కిలోమీటర్లకు మించును. సముద్రము అకస్మాత్తుగా వెనుకకు పోయి అడుగు బయటపడినయెడల గవ్వలేఱుకొనుటకు పోరాదు. వెంటనే మెరకకు పరుగెత్తవలెను. హైదరాబాదులోనున్న ఇన్‌కాయిస్ అను సంస్థ 2007 నుండి సునామి హెచ్చరికలు చేయుచున్నది. పెద్ద యలలు రాగలవను సూచనలను గూడ ప్రకటించుచుండును. సముద్రమునకు వెడలువారు ముందుగా ఆ సూచనలు విచారించుకొనుట మేలు.

ఇక మా స్నానము సంగతి. అవ్వ మమ్ము గండికి దూరముగా, అలలు చక్కగా విఱిగి నురుగు పలుచగా ప్రాకుచున్న చోటికి తీసికొనిపోయినది. తీరరక్షకుడును సమీపముననే నిలిచియుండెను. మా యత్తగారు తడియిసుకపై కూర్చుండి, అల వచ్చినప్పుడెల్ల ఆ నీరు తలపై చల్లుకొని, చెంబుతో మూడుమారులు పోసికొనిరి. “మునుగకపోయినను ఫలమేనా?” యని మా అమ్మాయి యడుగగా, “ప్రాణము నిలుపుకొన్నవారికే మఱుసటి కార్తికము గూడ నుండునమ్మా” అని యామె నవ్విరి. పిమ్మట తన వాయనపు పండ్లును, పసుపు కుంకుమ లద్దిన రవికెగుడ్డయును ఆ యవ్వ చేతిలో పెట్టిరి. ఆమె వలదు వలదనుచునే పుచ్చుకొని, బుట్ట తలకెత్తుకొని చేపలు వేలము వేయు చోటికి వెడలిపోయెను. ఆమె పేరడుగుట ఆ తొందరలో మఱచితిమి.

మేము ఇంటికి వచ్చిన నాటినుండి మా అమ్మాయి తన తోడి పిల్లలకు తాడు విదిలించి చూపి, అల కథ చెప్పుచున్నది. చివరను తప్పక, “నురుగు లేని చోట దిగకూడదు” అని ముగించును. మీ యిండ్లనుండి పిల్లలు విహారయాత్రలకని సముద్రమునకు వెడలునప్పుడు, తినుబండారములతోపాటు ఈ యొక్క మాటను గూడ వారికి మూటగట్టి యిండు. సముద్రము మనకు పగది కాదు. దాని రాకకు నొక దారి, పోకకు నొక దారి కలవు. పోవు దారి యేదో ఒడ్డున నిలిచి, ఒక్క పావుగంట చూచి తెలిసికొన్న పిమ్మటనే కాలు తడుపుకొందము.